జోన్ 8 ఎందుకు మోగలేదు: ఒక పెద్ద గోడౌన్ ఫైర్ అలారం కేస్ స్టడీ

తెల్లవారుజామున 2:40 ప్రాంతంలో లోడింగ్ పనిలో ఉన్న ఒక కార్మికుడికి కమురు వాసన వచ్చింది. వాసన ఎటు నుంచి వస్తోందో వెతుక్కుంటూ వెళ్తే, గోడౌన్ చివర ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీలు చార్జింగ్ పెట్టే చోటికి ఆనుకుని పేర్చిన అట్టపెట్టెల దొంతరలోంచి పొగ సన్నగా లేస్తోంది. మంట ఇంకా బయటపడలేదు, లోపల్లోపల రాజుకుంటోంది. అతనూ మరో ఇద్దరూ కలిసి పెట్టెలు లాగి పడేసి, హోస్ రీల్‌తో తడిపి ఆర్పేశారు. రెండు ప్యాలెట్ల సరుకు పోయింది. మనుషులకు ఏమీ కాలేదు.

ఆ సేపంతా ఫైర్ అలారం ప్యానెల్ మీద ఒక్క అలారం కూడా నమోదు కాలేదు. ఒక్క హూటర్ కూడా మోగలేదు.

మరుసటి రోజు, ఇలాంటి సిస్టమ్‌లను పరిశీలించే నన్ను పిలిచారు. ప్లాంట్ మేనేజర్ ఒక్కటే అడిగారు: "ఇంత ఖర్చు పెట్టి బిగించిన సిస్టమ్ అవసరమైన రాత్రి ఎందుకు పని చెయ్యలేదు?" రెండు వారాలు తిరిగాక నేను రెండు జవాబులు ఇచ్చాను. ఒకటి, ఆ మూలను కాపలా కాసే డిటెక్టర్ల గుంపును, అంటే జోన్ 8ను, మనుషులే ఆపేశారు. రెండు, ఆపకపోయినా ఆ రాత్రి అది మోగేది కాదు. మొదటి జవాబును అందరూ వెంటనే ఒప్పుకున్నారు. రెండోదాన్ని ఒప్పించడానికి వాళ్ల కళ్ల ముందే పొగ పెట్టి చూపించాల్సి వచ్చింది.

అక్కడ ఏముంది

ఒక ప్రొడక్షన్ హాల్, దానికి ఆనుకుని 120 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు ఉన్న గోడౌన్. రేకుల కప్పు, మధ్యమధ్యలో వెలుతురు కోసం పారదర్శక షీట్లు. కప్పు నడినెత్తి దగ్గర ఎత్తు 13 మీటర్లు. లోపల సరుకు ర్యాకులు దాదాపు 10 మీటర్ల వరకు ఉన్నాయి. నాలుగు లూపుల (తీగల వలయాల) అడ్రెసబుల్ ప్యానెల్, అంటే ఏ పరికరం మోగిందో విడిగా చూపించేది, దాని మీద సుమారు 400 పరికరాలు. ఆఫీసుల్లో, ప్యానెల్ రూముల్లో మామూలు స్మోక్ డిటెక్టర్లు. గోడౌన్‌కు మాత్రం ఎనిమిది బీమ్ డిటెక్టర్లు.

గోడౌన్‌కు బీమ్ ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. కప్పుకు బిగించే మామూలు స్మోక్ డిటెక్టర్‌కు ఎత్తు పరిమితి ఉంటుంది, బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5839 ప్రకారం సాధారణంగా 10.5 మీటర్లు. అంతకు పైన పొగ బాగా విస్తరించి పలచబడిపోతుంది. బీమ్ డిటెక్టర్ ఒక గోడ నుంచి ఎదుటి గోడ మీది రిఫ్లెక్టర్‌కు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపి, తిరిగొచ్చే కాంతిని కొలుస్తుంది. మధ్యలో పొగ వస్తే కాంతి తగ్గుతుంది. పలచని పొగైనా 60 మీటర్ల దారి పొడవునా ఉంటే ఆ తగ్గుదల తెలుస్తుంది. కాంతి రేఖకు రెండు వైపులా 7.5 మీటర్ల చొప్పున లెక్కేస్తే 120 మీటర్లకు ఎనిమిది బీమ్‌లు సరిపోతాయి. డ్రాయింగ్ వేసినవాళ్లు లెక్క సరిగ్గానే వేశారు. రెండేసి బీమ్‌లు ఒక జోన్. చార్జింగ్ పెట్టే మూల జోన్ 8లో ఉంది.

ప్యానెల్ ముందు గంటసేపు

నేను ఎక్కడికి వెళ్లినా డిటెక్టర్ల దగ్గరికి వెళ్లే ముందు ప్యానెల్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆ ప్రాంగణంలో మనుషులకూ ఆ పెట్టెకూ మధ్య సంబంధం ఎలా ఉందో అక్కడే తెలిసిపోతుంది. ఇక్కడ మొదట కనిపించింది బజర్ రంధ్రం మీద అంటించిన సెల్లో టేపు. దాని కింద చేతిరాతతో ఒక కాగితం: "జోన్ 8 మోగితే కంగారు పడవద్దు." పక్కనే 'డిసేబుల్' అని రాసిన పసుపు లైటు వెలుగుతూ ఉంది.

డ్యూటీలో ఉన్న గార్డును అడిగాను. "అన్నా, ఈ పసుపు లైటు ఎప్పట్నుంచి వెలుగుతోంది?"

"నేను చేరినప్పట్నుంచీ ఇలాగే ఉంది సార్. అది ఎప్పుడూ వెలుగుతూ ఉండాలేమో అనుకున్నాను."

ఆయన తప్పేమీ లేదు. ఎరుపు అంటే నిప్పు, పసుపు అంటే లోపం లేదా ఏదో ఆపి ఉంచారని అర్థం, కరెంటు ఉందని చెప్పే ఆకుపచ్చ లైటు ఒక్కటే వెలుగుతుంటేనే అంతా బాగున్నట్టు అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. డిసేబుల్ జాబితా తెరిచాను. 23 పరికరాలు. అందులో జోన్ 8 బీమ్‌లు రెండూ ఉన్నాయి. ఆపేసి అయిదు నెలలు దాటింది.

ఆ తర్వాత లాప్‌టాప్ తగిలించి ఈవెంట్ లాగ్ మొత్తం దించుకున్నాను. డిసేబుల్ చెయ్యడానికి ముందు పది వారాల్లో జోన్ 8 నుంచి 31 అలారాలు వచ్చాయి. వాటిని తేదీల వారీగా కాకుండా రోజులోని గంటల వారీగా పేర్చి చూశాను. మూడు తప్ప మిగతావన్నీ మధ్యాహ్నం ఒంటి గంటకూ నాలుగింటికీ మధ్యే వచ్చాయి. నిప్పు గడియారం చూసుకుని పుట్టదు. ఇలా ఒకే వేళకు వచ్చే అలారాల వెనక ఎండో, షిఫ్ట్ మారడమో, రోజూ అదే సమయానికి జరిగే పనో ఉంటుంది. తప్పుడు అలారం అని కొట్టిపారేసే ముందు ఎవరైనా ఈ ఒక్క పట్టిక వేసి ఉంటే సమస్య ఒక్కరోజులో దొరికేది.

అర డిగ్రీ వంపు

మిగతా ఆరు బీమ్‌ల హెడ్లను, అంటే కాంతిని పంపి తిరిగి అందుకునే పెట్టెలను, భవనాన్ని మోసే స్తంభాలకు బిగించారు. జోన్ 8 దగ్గర మాత్రం రోలింగ్ షట్టర్ ఫ్రేమ్ అడ్డొచ్చింది. బిగించినవాళ్లు రెండు హెడ్లనూ కాస్త పక్కకు జరిపి, గోడ రేకులను పట్టి ఉంచే సన్నటి ఉక్కు పట్టీకి బిగించేశారు. అది పడమటి గోడ. మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది. రేకు వేడెక్కి వ్యాకోచించినప్పుడు పట్టీ కొద్దిగా మెలితిరుగుతుంది, దాంతోపాటు హెడ్ కూడా.

ఆ మెలిక ఎంతో కంటికి తెలియదు. కానీ హెడ్ అర డిగ్రీ వంగితే 60 మీటర్ల దూరంలో కాంతి సుమారు 52 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అక్కడ ఉన్న రిఫ్లెక్టర్ అరచేతులు రెండు పక్కపక్కన పెట్టినంత పలక. కాంతి మధ్యభాగం దాని మీద నుంచి మెల్లగా తప్పుకుంటుంది, తిరిగొచ్చే సిగ్నల్ తగ్గుతుంది.

బీమ్ డిటెక్టర్ ఆలోచించే తీరు ఇక్కడ తెలుసుకోవాలి. కాంతి ఒక్కసారిగా పూర్తిగా ఆగిపోతే, ఉదాహరణకు ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తిన లోడ్ అడ్డొస్తే, అది నిప్పు కాదు, ఏదో అడ్డం వచ్చిందని లెక్కవేసి 'ఫాల్ట్' చూపిస్తుంది. లెన్స్ మీద దుమ్ము పేరుకున్నట్టు రోజుల తరబడి తగ్గితే దాన్ని తనంతట తానే సరిచేసుకుంటుంది. ఈ రెంటికీ మధ్యలో, నిమిషాల మీద క్రమంగా తగ్గుతూ పెట్టిన హద్దు దాటితే, అదే పొగ అంటుంది. ఇక్కడ హద్దు 35 శాతం. ఎండకు మెలితిరిగే పట్టీ సరిగ్గా పొగలాగే ప్రవర్తించింది. డిటెక్టర్‌లో లోపం లేదు. దానికి నేర్పినట్టే అది చేసింది.

అన్నేళ్లుగా నడుస్తున్న మెయింటెనెన్స్ కాంట్రాక్టులో ఇది బయటపడకపోవడానికి కారణం కూడా లాగ్‌లోనే ఉంది. సర్వీస్ వాళ్లు ఎప్పుడూ ఉదయం పది గంటలకే వచ్చారు. అలైన్‌మెంట్ సరిచూశారు, బాగానే ఉంది, వెళ్లిపోయారు. ఒక సందర్శనలో హెడ్ మార్చేశారు కూడా. కొత్త హెడ్‌ను పాత పట్టీకే బిగించారు.

అలా 31 సార్లు మోగాక, ఆరుసార్లు లైన్ ఆపి అందరినీ బయటికి పంపాక, ఎవరో "తాత్కాలికంగా" డిసేబుల్ చేశారు. ఆ మాట షిఫ్ట్ పుస్తకంలో ఉంది. చేసిన వ్యక్తి తర్వాత వేరే విభాగానికి మారిపోయారు. మళ్లీ ఆన్ చెయ్యాల్సిన తేదీ ఎక్కడా రాయలేదు. అలా చేసిన మనిషి మీద నాకు కోపం లేదు. ఎండలో మూడు వందల మందిని నిలబెట్టి, ఏమీ లేదని మళ్లీ లోపలికి పంపిన ఆరోసారి వచ్చే టెన్షన్ నాకు తెలుసు. కోపం వచ్చేదల్లా, ఆ బటన్ నొక్కడం అంత తేలికగా, ఎవరికీ తెలియకుండా జరిగిపోయేలా పద్ధతి ఉన్నందుకు.

నిజంగా నిప్పు పుట్టినప్పుడు ఈ అలవాటు ఎటు తీసుకెళ్తుందో 1988 మే 4న లాస్ ఏంజెలెస్‌లో ఫస్ట్ ఇంటర్‌స్టేట్ బ్యాంక్ భవనంలో చూశాం. 62 అంతస్తుల టవర్. 12వ అంతస్తులో స్మోక్ డిటెక్టర్లు అలారం ఇస్తుంటే సెక్యూరిటీ సిబ్బంది రీసెట్ చేస్తూ పోయారు. చూసి రమ్మని పంపిన మెయింటెనెన్స్ ఉద్యోగి లిఫ్టులో ఆ అంతస్తుకే వెళ్లి ప్రాణాలు కోల్పోయాడు. ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు మొదటి ఫోన్లు చేసింది భవనం బయట ఉన్నవాళ్లు. అక్కడ డిటెక్టర్లు వాటి పని అవి చేశాయి.

ఆపకపోయినా మోగేది కాదు

బీమ్ హెడ్లను స్తంభాలకు మార్చి, డిసేబుల్ తీసేస్తే పని అయిపోతుందని అందరూ అనుకున్నారు. నేనూ మొదటి మూడు రోజులు అలాగే అనుకున్నాను. మనసులో ఒక్కటే మెదులుతూ ఉంది: ఆ రాత్రి ఇద్దరు ముగ్గురికి కళ్లు మండేంత పొగ ఉంది, అయినా జోన్ 7లోని బీమ్, అంటే పక్కనే పనిచేస్తున్నది, ఏమాత్రం కదల్లేదు. ప్రీ అలారం, అంటే ముందస్తు హెచ్చరిక కూడా ఇవ్వలేదు.

అందుకే అనుమతి తీసుకుని, మనుషులను కాపలా పెట్టి, పొగ పరీక్ష చేశాం. వేడి లేని పొగ యంత్రం ఒక్కటే పెట్టి చూస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే పొగను పైకి తీసుకెళ్లేది వేడి. కాబట్టి హీటర్ గాలి మీదుగా పొగ వదిలాం. మధ్యాహ్నం రెండింటికి నేల దగ్గర 34 డిగ్రీలు, రేకు కింద 51 డిగ్రీలు ఉన్నాయి. పొగ నిట్టనిలువుగా లేచింది. 8 మీటర్ల దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. పైనున్న వేడి గాలి తనకంటే తేలిక, దాన్ని చీల్చుకుని పోయేంత వేడి పొగలో మిగల్లేదు. ర్యాకుల మధ్య పల్చని దుప్పటిలా అడ్డంగా పరుచుకుంది. 12 మీటర్ల పైనున్న బీమ్‌లు శుభ్రమైన గాలిని చూస్తున్నాయి. మేనేజర్ నా పక్కనే నిలబడి తలెత్తి చూస్తూ ఉండిపోయారు.

రాత్రి అదే పరీక్ష మళ్లీ చేశాం. రేకు చల్లబడటంతో పొగ పైదాకా వెళ్లింది. కానీ రాజుకునే అట్టలో నుంచి వచ్చే పొగకు వేడి తక్కువ, లేవడం నిదానం. దాదాపు 80 వేల ఘనపు మీటర్ల గాలిలో కలిసేసరికి బీమ్ దగ్గర 35 శాతం హద్దుకు దరిదాపుల్లో కూడా లేదు. మంట పైకి లేచాక బీమ్ పట్టుకునేదే. అప్పటికి అట్టపెట్టెల ర్యాక్ నిట్టనిలువుగా అంటుకుని ఉండేది. ర్యాక్‌లో నిప్పు పైకి పాకే వేగం చూసినవాళ్లకు ఆ తేడా ఎంత పెద్దదో తెలుసు.

ఏం మార్చాం

అన్నిటికన్నా ముందు చేసింది డిటెక్షన్ పనే కాదు. చార్జింగ్ చోటు చుట్టూ సరుకు పెట్టకుండా నేల మీద పసుపు గీత గీసి ఖాళీ చేయించాం. నిప్పు పుట్టింది అక్కడ వదులైన ఒక చార్జర్ కేబుల్ లగ్ (కేబుల్ చివర బిగించే లోహపు ముక్క) వేడెక్కడం వల్ల. అట్ట ఆనుకుని లేకపోతే లగ్ మాడిపోయి అక్కడితో ఆగేది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి. గాలిలో అది 4 శాతానికి చేరితే అంటుకోగలదు. అందులో నాలుగో వంతు, అంటే 1 శాతం దగ్గరే హెచ్చరించి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను పూర్తి వేగంతో నడిపే గ్యాస్ డిటెక్టర్ పెట్టించాం.

గోడౌన్‌కు ఆస్పిరేటింగ్ సిస్టమ్ వేశాం. సన్నటి పైపులకు అక్కడక్కడ చిన్న రంధ్రాలు ఉంటాయి. లోపలి ఫ్యాన్ ఆ రంధ్రాల గుండా గాలిని ఆపకుండా లాగి, లేజర్ కాంతితో పరీక్షిస్తుంది. పొగ మన దగ్గరికి వచ్చేదాకా ఎదురుచూడదు, వెళ్లి తెచ్చుకుంటుంది. ఇక్కడ ముఖ్యమైన నిర్ణయం పైపులు ఎక్కడ అనేది. కప్పు కింద ఒక వరుస వేసి ఊరుకుంటే మధ్యాహ్నపు దుప్పటి సమస్య అలాగే ఉంటుంది. ర్యాకుల లోపల, 4 మీటర్లు, 8 మీటర్ల ఎత్తుల్లో కూడా పైపులు నడిపించాం. చిట్టచివరి రంధ్రం నుంచి డిటెక్టర్ దాకా గాలి చేరే సమయం 120 సెకన్లు దాటకూడదు. మొదటి డిజైన్‌లో ఒక పైపు 140 చూపించింది. దాన్ని రెండుగా విడదీశాం.

ఈ దశలో ఒక పొరపాటు నాది. సున్నితత్వం ఎంత ఎక్కువ ఉంటే అంత మేలన్న ఉత్సాహంలో మొదటి రోజే హద్దులు బిగించేశాను. రెండు వారాల్లో ఆరు హెచ్చరికలు వచ్చాయి. అన్నీ లోడింగ్ వైపు నిలబడే డీజిల్ ట్రక్కుల పొగవల్ల. ఏ జబ్బు నయం చెయ్యడానికి వచ్చానో దాన్నే మళ్లీ తెచ్చిపెట్టినట్టయింది. వెంటనే హద్దులు సడలించి, రెండు వారాలు రాత్రీ పగలూ మామూలు గాలి ఎలా ఉంటుందో నమోదు చేయించి, ఆ లెక్క మీద మళ్లీ పెట్టాను. ఆ పని మొదటే చెయ్యాల్సింది.

బీమ్‌లను తీసెయ్యలేదు. స్తంభాలకు మార్చి ఉంచాం. మంట లేచిన తర్వాత అవి నమ్మకమైన సాక్షులు.

తవ్వితే బయటపడ్డ మిగతావి

ప్యానెల్‌కు కరెంటు తీసేసి బ్యాటరీ మీద వదిలాం. 24 గంటలు నిలబడి, ఆ తర్వాత 30 నిమిషాలు హూటర్లు మోగించగలగాలి. 40 నిమిషాల్లో ప్యానెల్ ఆరిపోయింది. మీటర్ పెట్టి చూస్తే వోల్టేజ్ బాగానే కనిపించే బ్యాటరీలే ఇవి. లోడ్ పెట్టకుండా బ్యాటరీని నమ్మకూడదు.

ప్రొడక్షన్ హాల్‌లో మెషీన్లన్నీ నడుస్తుంటే 92 డెసిబెల్స్ శబ్దం. అందరి చెవులకూ మఫ్లు. హూటర్ దాని కంటే కనీసం 5 డెసిబెల్స్ పైన వినపడాలని బ్రిటిష్ ప్రమాణం, సగటు శబ్దం మీద 15 పైన ఉండాలని అమెరికా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 72 అంటాయి. మఫ్లు పెట్టుకున్న మనిషికి ఏ లెక్కా సరిపోదు. అక్కడ మెరిసే లైట్లు కావాలి.

లూప్‌లో ఒకచోట కావాలని షార్ట్ చేసి చూశాం. షార్ట్ అయిన ముక్కను మిగతా లూప్ నుంచి వేరుచేసే ఐసోలేటర్లు సరిగా ఉంటే ఆ కొద్ది ముక్క మాత్రమే పోవాలి. ఒకేసారి 61 పరికరాలు పోయాయి. డ్రాయింగ్‌లో ఉన్న ఐసోలేటర్లలో నాలుగు గోడ మీద లేవు.

ప్యానెల్ మీద వచ్చే పేర్ల సంగతి నేను ప్రత్యేకంగా పట్టించుకుంటాను. ఇక్కడ బీమ్‌ల పేర్లు "బీడీ 07 వేర్‌హౌస్ ఈస్ట్ ఎక్స్‌టెన్షన్" లాంటివి. ఈస్ట్ అన్నది డ్రాయింగ్ వేసిన రోజుల నాటి పాత ప్లాన్‌లో. నిజంగా అక్కడికి వెళ్లి చూస్తే అది పడమటి వైపు. 2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోత్రదామ్ చర్చిలో మొదటి అలారం వచ్చినప్పుడు గార్డును వేరే అటకకు పంపారు. అక్కడ ఏమీ లేదు. అసలు నిప్పు ప్రధాన భవనం అటక మీద ఉంది. తప్పు తెలిసేసరికి దాదాపు అరగంట గడిచిపోయింది. మా ప్యానెల్ పేర్లన్నిటినీ గార్డులతో కలిసి నడుస్తూ, వాళ్లు ఆ చోటిని ఏమని పిలుస్తారో అలాగే మార్చాం. ఇప్పుడు జోన్ 8 దగ్గర "గోడౌన్, బ్యాటరీ చార్జింగ్ మూల, షట్టర్ 4 పక్కన" అని వస్తుంది.

డిసేబుల్‌కు కొత్త పద్ధతి పెట్టాం. వెల్డింగ్ లాంటి పనులకు ఇచ్చే హాట్ వర్క్ పర్మిట్ లాగే దీనికీ ఒక పర్మిట్. ఎందుకు, ఎవరు, ఎన్ని గంటల వరకు అని రాసి షిఫ్ట్ ఇన్‌చార్జ్ సంతకం పెట్టాలి. ఆ సేపు ఆ చోట ఒక మనిషి కాపలా ఉండాలి. ప్యానెల్‌లో టైమర్ పెట్టి డిసేబుల్ చేసే సదుపాయం మొదట్నుంచీ ఉంది, ఎవరూ వాడలేదు. ఇప్పుడు పాస్‌వర్డ్ అలా మాత్రమే ఒప్పుకుంటుంది: గరిష్ఠంగా ఎనిమిది గంటలు, తర్వాత దానంతట అదే ఆన్. షిఫ్ట్ మారేటప్పుడు పసుపు లైటు వెలుగుతుంటే, కారణం పుస్తకంలో రాసి ఉంటే తప్ప కొత్త గార్డు డ్యూటీ తీసుకోడు. సెల్లో టేపు నేనే పీకేశాను.

తొమ్మిది నెలల తర్వాత

ఎండ బాగా ఉన్న ఒక మధ్యాహ్నం, రెండింటికి, అదే మూలలో అదే పొగ పరీక్ష మళ్లీ చేశాం. ర్యాక్ లోపలి పైపు 70 సెకన్లలో ముందస్తు హెచ్చరిక, 2 నిమిషాల 10 సెకన్లకు ఫైర్ అలారం ఇచ్చింది. కప్పు కింద పైపు నాలుగు నిమిషాలు తీసుకుంది. బీమ్‌లు పది నిమిషాల పరీక్షలో ఏమీ అనలేదు, అది అనుకున్నదే. ఈ తొమ్మిది నెలల్లో గోడౌన్ నుంచి అక్కర్లేని అలారాలు రెండు వచ్చాయి. ఒకటి పర్మిట్ లేకుండా వెల్డింగ్ చేసినందుకు. రెండోదానికి కారణం ఇంకా దొరకలేదు. ఆ రోజు లాగ్, ఆ గంటలో ట్రక్కుల రాకపోకల పుస్తకం నా దగ్గర ఉన్నాయి, వెతుకుతున్నాను.

ప్రొడక్షన్ హాల్‌లో మెరిసే లైట్లు సగం మాత్రమే పడ్డాయి. రెండో లైన్ పక్కన కేబుల్ వేయడానికి మెషీన్ ఆపాలి, తేదీ ఇంకా ఇవ్వలేదు. అప్పటిదాకా ఆ లైన్‌లో ప్రతి షిఫ్ట్‌కూ ఒకరు మఫ్లు లేకుండా, చెవులు పాడవకుండా మెషీన్లకు దూరంగా కంట్రోల్ క్యాబిన్‌లో ఉండి, అలారం వస్తే లైన్ ఆపే బాధ్యత తీసుకుంటున్నారు. ప్యానెల్ దగ్గర ఆ గార్డు అన్న ఇంకా ఉన్నారు. మొన్న వెళ్లినప్పుడు పసుపు లైటు వెలుగుతోంది. నేను అడగకముందే పుస్తకం నా వైపు తిప్పి, సాయంత్రం అయిదింటి దాకా వెల్డింగ్ అని రాసిన వరుస చూపించారు.